ఎనభై అయిదు కిలోల గాలి

మా బావ అబద్ధం చెప్పగా నేను విన్నది ఒక్కసారే. గండిపేట దగ్గర ఒక సైకిల్ దుకాణంలో, తన బరువు గురించి. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని నేనెట్లా వాడుకున్నానో రాయడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

బావ అంటే మా అక్క భర్త. చేవెళ్ల వైపు ఒక పశువుల దవాఖానలో కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్లలో అందరూ ఆయన్నే డాక్టర్‌సాబ్ అంటారు. ఈనలేక అవస్థ పడుతున్న బర్రె కడుపులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడ కాలేదో తలేదో వేళ్లతోనే పోల్చుకుని, మెల్లగా తిప్పి బయటికి లాగేవాడు. చెయ్యి పెద్దది. మనిషి ఇంకా పెద్ద. యాభై దాటాక షుగరు వచ్చింది. నడవమన్నారు. మోకాళ్లు ఒప్పుకోలేదు. అయితే సైకిల్ తొక్కమన్నారు.

నాది అప్పటికే సైకిల్ పిచ్చి. మాది చిన్న మంగళారం. పొలంలో సగం పోయి ఫామ్‌హౌస్ ప్లాట్లయ్యాక నేను మొయినాబాద్‌లో ఇల్లు తీసుకుని, నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. ప్రతి ఆదివారం పొద్దున గండిపేట విల్లాల్లో ఉండే ఐదారుగురితో కలిసి మట్టిబాటల్లో మౌంటెన్ బైకు తొక్కేవాణ్ని. ఆ గుంపుకు పెద్ద ఒక సాఫ్ట్‌వేర్ మేనేజరు. మేం ఆయన్ని కెప్టెన్ అనేవాళ్లం. కొత్తవాళ్లు ఎవరైనా వస్తే ఆయన నన్ను "మన లోకల్ గైడ్" అని పరిచయం చేసేవాడు. నేను నవ్వేవాణ్ని, లోపల మాత్రం ఆ మాట గుచ్చుకునేది. బాటలు తెలిసినవాడిగానే కాక ఇంకేదో విధంగా వాళ్లకు అవసరం కావాలని, సైకిల్ భాగాల గురించి వాళ్లందరికన్నా ఎక్కువ నేర్చుకున్నాను. మరీ ముఖ్యంగా ముందు ఫోర్కు గురించి. ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునుండే రెండు కాళ్లే ఫోర్కు. లోపల స్ప్రింగో గాలో ఉంటుంది. చక్రం రాయెక్కినప్పుడు ఆ కాళ్లు కుంగి, దెబ్బను చేతుల దాకా రానివ్వవు. ఎవరు ఫోర్కు మార్చినా ముందు నన్ను అడిగేవారు. అదొక్కటే ఆ గుంపులో నా పరువు.

బావ ఎవరి దగ్గరో పాత బైకు ఒకటి సంపాదించుకుని ఒక ఆదివారం మా వెంట వచ్చాడు. వద్దనలేకపోయాను. గళ్ల లుంగీ మీద రాలేదు, అదే నయం. కానీ నోరు ఊరుకోలేదు. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన టీ కోసం ఆగితే, మొదటి గుక్క తాగకముందే మొదలుపెట్టాడు.

"సార్, మీకు తెల్వదు గని, మా బామ్మర్దికి బర్రెలంటే పాణం పోతది. నా పెండ్లైన కొత్తల వీడు పదేండ్ల పోరడు. బర్రె ఉత్తగనే వచ్చి చెయ్యి నాకింది. అంతే, లాగు తడిసింది! మా ఆమె కొంగు పట్టుకొని గంటసేపు ఇడ్వలేదు."

మాతో వచ్చిన కెప్టెన్ భార్యకు టీ పొలమారింది. కెప్టెన్ నా వీపు మీద చరిచాడు. "ఓహో, బఫెలో బాయ్!" అన్నాడు. మరుసటి ఆదివారం కూడా అదే పిలుపు. వాట్సాప్‌లో కూడా అదే. బావకు బామ్మర్దిని ఆడించే హక్కు ఉంటుంది, ఆ హక్కును ఆయన ప్రేమతోనే వాడుకున్నాడు. చుట్టాల్లో అయితే నేనూ నవ్వేవాణ్ని. అక్కడ మాత్రం నవ్వలేకపోయాను. మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న ఆ కాస్త పరువునూ ఆయన ఒక్క కప్పు టీతో పాటు తాగేశాడనిపించింది.

ఆయన బైకుకు ఉన్న ఫోర్కు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కుంగేదే కాదు. "అర్చేతులు తిమ్మిరెక్కుతున్నయ్ బామ్మర్ది. మంచి ఫోర్కు నువ్వే చూసి పెట్టు. నాకేం తెల్వదు" అన్నాడు. ఒక శనివారం సాయంత్రం దుకాణానికి తీసుకుపోయాను. కెప్టెన్ దంపతులు కూడా అక్కడే ఉన్నారు, హెల్మెట్లు చూసుకుంటూ.

దుకాణదారు రెండు ఫోర్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది స్ప్రింగుది సార్. మొండిది, రిపేర్లు తక్కువ. కానీ లోపలున్న స్ప్రింగు మామూలు బరువుకే. మనిషి బరువెక్కువుంటే వేరే స్ప్రింగు తెప్పియ్యాలె, దొరుకుతదని చెప్పలేను. ఇది గాలిది. మన బరువుకు తగ్గట్టు పంపుతోని గాలి కొట్టుకోవచ్చు."

బావ కన్ను మూడోదాని మీద పడింది. గోడకు వేలాడుతున్న పొడుగాటి ఫోర్కు అది. కెప్టెన్ బైకుకు ఉన్నలాంటిది. "గది పెట్టొద్దా?" అన్నాడు.

"అది నీ బైకుకు కుదరదు బావ. నీ ఫ్రేము వంద మిల్లీమీటర్లు కుంగే ఫోర్కుకు చేసింది. అంత పొడుగుది పెడితే ముందట లేస్తది, హ్యాండిల్ చెప్పినట్టు ఇనదు" అన్నాను.

ఆయన బుద్ధిగా తలూపాడు. నేను గాలి ఫోర్కే ఎంచాను. కాళ్లు లావుగా ఉన్నది చూశాను, సన్నవైతే బరువుకు వంగుతాయి. పైగొట్టం ఫ్రేములో పడుతుందో లేదో కొలిచాను. చక్రం సైజు సరిచూశాను. ఎంపికలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఆ గర్వం ఇప్పటికీ నాలో ఉంది, సిగ్గు లేకుండా.

దుకాణదారు అడిగాడు. "సార్, మీ బరువెంత?"

బావ చటుక్కున కెప్టెన్ భార్య వైపు చూశాడు. ఆమె అద్దంలో హెల్మెట్ సర్దుకుంటోంది. పొట్ట కొంచెం లోపలికి లాక్కుని, "ఎనభై అయిదు" అన్నాడు.

"ఎనభై అయిదా?"

"ఆ. ఒకటి అటు, ఒకటి ఇటు."

దుకాణదారు నా వైపు చూశాడు. నెల కిందటే అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది, దవాఖానలో తూస్తే నూట పన్నెండు ఉన్నాడని. దుకాణదారు చెవిలో ఒక్క మాట చెబితే చాలు. బావ పరువూ పోదు, పనీ జరుగుతుంది. "సార్ చెప్పిండు గద" అన్నాను.

ఫోర్కు బిగించాక గాలి నేనే కొట్టాను. ఏ బరువుకు ఎంత గాలో ఫోర్కు కాలి మీదే చిన్న పట్టీలో రాసుంటుంది. ఎనభై అయిదు ఎదురుగా ఉన్నంత కొట్టి ఆపాను. కాలికి ఒక రబ్బరు రింగు ఉంటుంది. మనిషి ఊరికే ఎక్కి కూర్చుంటే ఫోర్కు ఎంత కుంగిందో ఆ రింగు చూపిస్తుంది. పావు వంతు కుంగితే సరైన గాలి ఉన్నట్టు. బావ ఎక్కి కూర్చుని దిగాడు. రింగు సగం దాటి పైకి పోయింది. దుకాణదారు లోపల బిల్లు రాస్తున్నాడు. నేను వంగి, బొటనవేలితో రింగును కిందికి జరిపాను.

"సరిపోయింది బావ."

"మస్తు మెత్తగున్నదిరా! పరుపు మీద కూసున్నట్టే ఉన్నది."

ఆ వేలు ఏం కోరుకుందో నాకు తెలుసు. ఎముక విరగాలని కాదు. రాళ్ల మీద ఆ ఫోర్కు టక్కున అడుగు తగిలి, ఆయన అందరి ముందూ తూలి, "అంకుల్, మీ బరువెంత అసలు?" అని కెప్టెన్ అడగాలి. ఆయన నిజమైన అంకె చెప్పాలి. అందరూ నవ్వాలి. అంతే అనుకున్నాను.

మర్నాడు మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ అనే ఊరి దగ్గర తారురోడ్డు వదిలి, ఫామ్‌హౌస్ ప్రహరీల వెనక నుంచి మా ఊరి వైపు పోయే మట్టిబాట పట్టాం. వానలు తగ్గిన రోజులు. పత్తి చేన్ల మధ్య బాట ఇంకా చల్లగా ఉంది. ఆ బాటలో ఒకచోట పెద్ద బండ వస్తుంది. బండ చివర మోకాలెత్తు దిగుడు, కింద ఎండిన వాగు. కొత్తవాళ్లను నేనెప్పుడూ అక్కడ దిగనిచ్చేవాణ్ని కాదు. ఎడమవైపు పొలం గెట్టు మీదుగా నడిపించేవాణ్ని. ఆ రోజు బండ ముందు ఆగి, నేను ముందు దిగి చూపించాను. కెప్టెన్ అప్పటికే వాగులో నిలబడి ఉన్నాడు, హెల్మెట్ మీది కెమెరా ఆన్ చేసి.

"నేను గెట్టు మీదికెంచి వస్త తియ్" అన్నాడు బావ పైనుంచి.

"కొత్త ఫోర్కు పెట్టుకొని గెట్టు మీదికెంచి వస్తవా బావ? దిగు, ఏం కాదు" అన్నాను.

ఆయన దిగాడు. అంచుకు రాగానే భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. గాలి చాలని ఫోర్కు అక్కడే మొత్తం కుంగిపోయింది. చక్రం కిందికి జారగానే లోపల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినపడింది. వెనక చక్రం లేచింది. నూట పన్నెండు కిలోల మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి, కుడి అరచెయ్యి ముందు పెట్టి వాగు రాళ్లల్లో పడ్డాడు.

కేక పెట్టలేదు. లేచి కూర్చుని చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. మణికట్టు దగ్గర చెయ్యి గంటె కాడలా వంగి ఉంది. ఎన్ని లేగల కాళ్లకు కట్లు కట్టాడో, అదే గొంతుతో, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు, "ఇరిగింది. రెండు చోట్ల" అన్నాడు. గడ్డం చీరుకుపోయి రక్తం చొక్కా మీద పడుతోంది.

కెప్టెన్ కారులో ఎముకల దవాఖానకు తీసుకుపోయాం. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాలంటే బరువు కావాలి. నర్సు ఆయన్ని వరండాలో ఉన్న మిషను మీద నిలబెట్టి, బల్ల దగ్గర రాసుకుంటున్న అతనికి వినపడేలా గట్టిగా చెప్పింది. "నూట పన్నెండు!"

"అంకుల్! ఎనభై అయిదన్నారు కదా!" అన్నాడు కెప్టెన్. బెంచీల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు.

బావ మిషను దిగకుండానే తల వంచుకున్నాడు. "తప్పు నాదే సార్. మేడం ముందట సిగ్గనిపించి చెప్పిన. ఆ గాలి నా బరువుకు సాలలే. పాపం మా బామ్మర్ది, నేను చెప్పిందే నమ్మిండు."

నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా జరిగింది. అంకె బయటపడింది, అందరూ విన్నారు. అప్పుడే అక్క గేటు లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ ఆఖరి మాట ఆమె కూడా విన్నది. నేను బావ భుజం మీద చెయ్యి వేసి, "ముందుగాల చెప్పొద్దా బావ?" అన్నాను.

ఈ మొత్తం కథలో నేను చేసిన పనుల్లో ఏది హీనమైనదని అడిగితే, రింగు జరిపింది కాదు. ఆ మాటే.

ఆ సాయంత్రం బైకును మా ఇంటికి తెచ్చుకుని, ఫోర్కులో నూట పన్నెండుకు ఎంత గాలి కావాలో అంతా నింపేశాను. ఎవరూ చూడడానికి రాలేదు. ఫోర్కు మీద ఒక్క గీత కూడా పడలేదు.

కెప్టెన్ వీడియోను గుంపులో పెట్టాడు. పడే క్షణాన్ని నెమ్మదిగా సాగదీసి, కింద నవ్వే బొమ్మలు పెట్టి. అది మొయినాబాద్ దాటి చేవెళ్ల దాకా పోయింది. బర్రెలను తోలుకుని దవాఖానకు వచ్చే రైతులు ఫోన్లు తీసి ఆయనకే చూపించేవారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వి, "అబద్ధమాడితే గిట్లనే ఐతది" అనేవాడట. గుంపులో ఆ వీడియో కింద నేను కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాను. పెట్టకపోతే అనుమానం వస్తుందనుకున్నాను.

చేతికి ప్లేట్లు వేశారు. కట్టు విప్పాక మణికట్టు తిరగలేదు. నెలల తరబడి వేడినీళ్లలో పెట్టి, రబ్బరు బంతి పిసికి ఎంత ప్రయత్నించినా, వేళ్లు సగమే ముడుచుకునేవి. దవాఖానలో ఆయన్ని రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టారు, టీకాలు రాసుకోవడానికి. అది కూడా ఎడమ చేత్తో, చిన్నపిల్లల రాతలా.

ఎండాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం హిమాయత్‌నగర్ నుంచి ఒక ముసలామె ఆయనకు ఫోన్ చేసింది. ఆమెకున్నది ఆ ఒక్క బర్రే. ముందురోజు నుంచి నొప్పులు పడుతున్నా ఈనడం లేదు. పశువుల డాక్టరు వేరే మండలంలో ఉన్నాడు, సాయంత్రానికి గాని రాడు. బావకు బండి యాక్సిలరేటరు తిప్పడం చేతకాదు కనుక నన్ను పిలిచాడు. నా బండి మీద తీసుకుపోయాను.

బర్రె నేల మీద పడి ఉంది. కళ్లు తేలేసింది. బావ చొక్కా విప్పి, సబ్బు రాసుకుని, కుడిచెయ్యి పెట్టాడు. కొంతసేపటికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"తల దొరుకుతున్నది. వెనక్కి మర్రి ఉన్నది. జర తిప్పితే చాలు. చెయ్యి తిరుగుతలేదు" అన్నాడు. చెయ్యి మార్చి ఎడమది పెట్టాడు. దానికి ఆ విద్య రాదు. నా వైపు చూశాడు. "నువ్వు పెడ్తవా? నేను చెప్త, అట్లనే చెయ్యి. ఇంకా పాణం ఉన్నది దూడకు."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. "నాతోని కాదు బావ."

ఆయన బలవంతం చెయ్యలేదు. మళ్లీ కుడిచెయ్యే పెట్టాడు, పళ్లు బిగించి. డాక్టరు వచ్చేసరికి దూడ లోపలే చనిపోయింది. ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. బర్రె తెల్లారి చచ్చిపోయిందని తర్వాత తెలిసింది. మేం బయల్దేరుతుంటే ముసలామె బావ చేతినే చూస్తూ, "డాక్టర్లు మస్తుమంది ఉన్నరు కొడుకా. నీ చెయ్యి మంచిదని నీకు ఫోన్ చేస్తి" అంది.

"చెయ్యి పోయింది అవ్వ. నా ఒళ్లే నన్ను పడేసింది" అన్నాడు బావ.

ఆయన్ని ఇంటి దగ్గర దింపాను. స్నానానికి పోయాడు. అక్క వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. దుకాణం, రింగు, బండ మీద నేనన్న మాట, సాయంత్రం కొట్టిన గాలి. అక్క రొట్టె తిప్పుతూనే విన్నది.

"నాకు ఆ దినమే తెల్సు" అంది. "బామ్మర్ది నమ్మిండు అని ఆయన అన్నప్పుడే. బరువు నీకు చెప్పింది నేనే గదరా."

"బావకు చెప్పేస్త అక్క. కాళ్లు పట్టుకుంట."

"చెప్పకు."

"అక్క..."

"నూట పన్నెండు ఉన్నోడు తొంభై ఏడుకు వచ్చిండు. షుగరు దిగింది. ఎట్ల దిగింది అనుకున్నవ్? తన ఒళ్లే తనను పడేసిందని కోపంతోని తింటలేడు. ఇయ్యాల నువ్వు పోయి తప్పు నాది అన్నవనుకో, ఏడుస్తడు, నిన్ను మన్నిస్తడు, మళ్ల కంచం నిండ పెట్టుకుంటడు. నీకు మనసు తేలికైతది. నాకు మొగుడు పోతడు."

రొట్టెను డబ్బాలో వేసింది. నా వైపు తిరగలేదు.

"నువ్వు చేసింది నువ్వే మొయ్యి. ఆయన మీద దించకు. ఇంకోటి, నా చేతి తిండి ఇగ నీకు లేదు. ఇంటికి రావద్దని అనను, అంటే ఆయన ఎందుకని అడుగుతడు. రా. కూసో. తినకుంట పో."

బావ తుండు భుజాన వేసుకుని వచ్చి, "రెండు రొట్టెలు తిని పో బామ్మర్ది" అన్నాడు.

"తినొచ్చిండట" అంది అక్క.

"అవును బావ, తినొచ్చిన" అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

అప్పటి నుంచి అట్లాగే నడుస్తోంది. సైకిల్ గుంపుకు పోవడం మానేశాను. ఎందుకని వాళ్లూ పెద్దగా అడగలేదు, బాటలు నేర్చుకున్నారు. అక్క ఇంటికి మాత్రం వారం వారం పోతాను. పోకపోతే బావే ఫోన్ చేస్తాడు. పోతే అక్క మంచినీళ్లు ఇస్తుంది. అంతే. ఏ వారం ఏ సాకో అక్కే చెబుతుంది. కడుపు బాగాలేదట, ఒక్కపొద్దట, దోస్తు ఇంట్లో దావతట. నేను తలూపుతాను.

మొన్న దసరాకు చుట్టాలందరూ అక్క ఇంట్లోనే. బంతిలో నన్ను బావ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆయన విస్తట్లో ఒక రొట్టె, కొంచెం పప్పు. అక్క మాంసం గిన్నెతో వడ్డిస్తూ వచ్చి, నా దగ్గరికి రాగానే గిన్నె ఎత్తి పట్టుకుంది.

"తమ్ముడు మాంసం మానేసిండు. పొద్దుమీకి అన్నం గూడ తింటలేడు" అంది, అందరికీ వినపడేలా.

బావ మొహం వెలిగిపోయింది. సరిగా ముడుచుకోని ఆ కుడిచెయ్యి నా వీపు మీద వేశాడు. "నేను నోరు కట్టుకున్ననని వీడు గూడ కట్టుకున్నడు. నాకు చెప్పనే లేదు సూడుండ్రి. గిసొంటి బామ్మర్ది ఎవలకున్నడు?"

అక్క నన్ను దాటి, నా పక్కనున్న పెద్దమనిషి విస్తట్లో రెండు గంటెలు వేసింది. ఆయన ముక్క నోట్లో పెట్టుకుంటూ నన్ను అడిగాడు. "ఎన్నొద్దులైంది మానేసి?"

"ఎండాకాలం సంది" అన్నాను.